వార్షిక నివేదిక 2025–26: మిగెల్ మాతామోరోస్ పాటలతో మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించినట్టే, ఈ ఏడాది మన నెలవారీ పాటల కూటములన్నీ ఒక్కరికే కేటాయించాం. ఆయన క్యూబా దేశపు గాయకుడు, పాటల రచయిత మిగెల్ మాతామోరోస్. 1925 మే 8న, తన పుట్టినరోజు నాడే, ఇద్దరు మిత్రులతో కలిసి ఆయన కట్టిన త్రయానికి 2025 మేతో నూరేళ్ళు నిండాయి. "ఒక్కరి పాటలే ఏడాది పొడవునా ఏం వింటాం?" అని మొదట్లో కొందరు అడిగారు. ఏడాది గడిచింది. వినాల్సినవి ఇంకా చాలా మిగిలాయి.

కొత్తగా చేరినవారి కోసం నాలుగు ముక్కలు. మాతామోరోస్ 1894లో సాంతియాగో దె క్యూబాలో పుట్టారు. ద్వీపానికి తూర్పు కొసన ఉన్న ఆ ప్రాంతమే 'సోన్' అనే పాట తీరుకు పుట్టినిల్లు. బతుకుదెరువు కోసం ఆయన కారు డ్రైవరుగా పనిచేశారు. తోటి గాయకుడు సిరో రోడ్రిగెజ్ కమ్మరి. మూడోవారు రఫాయెల్ క్వేతో. మొదట 'ఓరియెంటల్ త్రయం' అని పేరు పెట్టుకున్నారు కానీ, ఆ పేరుతో అప్పటికే ఇంకో జట్టు ఉండడంతో 'మాతామోరోస్ త్రయం' అయ్యారు. 1928లో అమెరికా వెళ్ళి విక్టర్ రికార్డు కంపెనీకి పాడారు. అక్కణ్ణుంచి వాళ్ళ పాట దేశదేశాలకూ వెళ్ళింది. 1960ల మొదట్లో విరమించుకునేదాకా, అంటే దాదాపు 35 ఏళ్ళు, ఆ ముగ్గురూ ముగ్గురుగానే ఉన్నారు. ఒక్కరూ మారలేదు.

ఈ ఏడాది మేం ఎక్కువసేపు గడిపింది క్లావే దగ్గర. చేతిలో ఇమిడే రెండు గట్టి కర్రముక్కలవి. సిరో పాడుతూ మరాకాస్ అనే గిలకల్ని ఆడించేవారు, క్లావే కూడా కొట్టేవారు. రెండు వరసల్లో అయిదు దెబ్బలు, ముందు మూడు, తర్వాత రెండు. చెప్పడం తేలిక. ఆదితాళానికి అలవాటుపడ్డ మన చేతులు మాత్రం ఆ ఎడాలను సమానం చేసేసుకుంటాయి. రెండో కూటమిలో సగంసేపు ఎవరి దెబ్బ వారిదే అయింది. అప్పుడు పిల్లలు బడి వార్షికోత్సవానికి తెచ్చుకున్న కోలాటం కర్రలు తీశారు. ఒక కర్రను అరచేతి గుంటమీద వదులుగా ఆనించి, రెండోదానితో కొడితే 'ఠక్' అని గుల్లగా మోగింది. గట్టిగా పట్టుకున్నవారి కర్ర మోగలేదు. ఆ పట్టు దొరికాక అయిదో దెబ్బకు అందరం ఒక్కచోట కలిశాం. ఆ తర్వాతే త్రయం పాటలో ఎవరు ఏం చేస్తున్నారో విడివిడిగా వినబడసాగింది.

అది విన్నాకే నాకు మాతామోరోస్ గొప్పతనం తెలిసింది. ఆయనే రాశారు, ఆయనే బాణీ కట్టారు, ముందు గొంతూ ఆయనదే, ముందు గిటారూ ఆయనదే. అలాంటివారి పాటలో మిగతా ఇద్దరూ వంతగాళ్ళుగా మిగిలిపోవాలి. ఇక్కడ అలా కాదు. సిరో గంభీరమైన గొంతు కింద దారి పరిస్తే, దానిమీద మిగెల్ నడుస్తారు. క్వేతో గిటారు తీగల్ని మీటుతూనే దరువు వేస్తుంది. మంద్రస్వరమూ తాళమూ ఒకే చేతిలోంచి వస్తాయి. దీన్నే టంబావో అంటారు. ముగ్గురే ఉన్నా పాట వెలితిగా లేకపోవడానికి ఆ చెయ్యే కారణం. పాట రాసేటప్పుడే మిగెల్ మిగతా ఇద్దరికీ చోటు ఉంచి రాశారని నా గట్టి నమ్మకం.

'సోన్ దె లా లోమా' పాట అర్థం చెప్పుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. ఈ పాటగాళ్ళు ఎక్కడివాళ్ళమ్మా అని ఒక పిల్ల తల్లిని అడుగుతుంది. వాళ్ళు గుట్టమీదివాళ్ళు అని జవాబు. స్పానిష్‌లో 'సోన్' అంటే 'వాళ్ళు ఫలానా' అనే క్రియ, ఈ పాట తీరు పేరూ అదే. అంటే 'గుట్టమీదివాళ్ళు' అన్నా, 'గుట్టమీది సోన్' అన్నా ఒకే మాట. శ్లేషకు చెవికోసుకునే మనవాళ్ళు ఆ రోజు హాలు తాళం వేసేదాకా కదలలేదు.

'లాగ్రిమాస్ నేగ్రాస్' అంటే నల్లని కన్నీళ్ళు. డొమినికన్ రిపబ్లిక్ రాజధాని సాంతో దొమింగోలో బస చేసినప్పుడు పక్కన ఎవరో స్త్రీ, ప్రేమించినవాడు వదిలేశాడని ఏడుస్తుంటే విని మిగెల్ ఈ పాట కట్టారని చెప్తారు. మొదటి సగం బొలేరో, అంటే నిదానంగా సాగే ప్రేమపాట తీరు. ఉన్నట్టుండి సోన్ నడక అందుకుంటుంది. "ఏడుపు పాటలో ఈ ఊపేమిటండీ?" అని ఒక పెద్దాయన అడిగారు. సాహిత్యం ముందు పెట్టుకుని మళ్ళీ విన్నాం. నడక మారేచోట పాటలో పాడే మనిషి, ప్రాణం పోయినా సరే నీవెంటే వస్తానంటాడు. అది సంబరం కాదు, తెగింపు. మూడోసారి వినేటప్పుడు ఆ పెద్దాయనే ముందుగా తాళం అందుకున్నారు.

1930 సెప్టెంబరు 3న సాంతో దొమింగోను పెనుతుఫాను తుడిచిపెట్టినప్పుడు ఈ ముగ్గురూ ఆ ఊళ్ళోనే ఉండి బతికి బయటపడ్డారు. దానిమీదా మిగెల్ పాట కట్టారు. మనలో కోస్తావాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ పాటకు వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది.

1940ల్లో పెద్ద వాద్యబృందాల కాలం వచ్చినప్పుడు మిగెల్ కూడా ఒక బృందం కట్టారు. త్రయాన్ని మాత్రం వదల్లేదు. 1945లో ఆ బృందంతో మెక్సికో వెళ్ళిన కుర్రాడు బెనీ మోరే, అక్కడే ఉండిపోయి పెద్ద గాయకుడయ్యాడు. అందులో పన్నెండేళ్ళు క్లారినెట్ వాయించినాయన కొంపాయ్ సెగుండో. ముసలితనంలో ప్రపంచమంతా ఆయన్ను ఎరిగింది. మాతామోరోస్ 1971లో పుట్టిన ఊళ్ళోనే కన్నుమూశారు.

ఒక పొరపాటు ఒప్పుకోవాలి. జూన్ ఆహ్వానపత్రంలో 'లాగ్రిమాస్ నేగ్రాస్' పాటకు ఎదురుగా 2003 ఆల్బంలో దాన్ని వినిపించిన పియానో వాద్యకారుడు బెబో వాల్డెస్, గాయకుడు డియేగో ఎల్ సిగాలాల పేర్లే వేశాం. రచయిత పేరు వెయ్యలేదు. పాట నిలిచి, రాసినవారి పేరు జారిపోవడం చాలాచోట్ల చూస్తున్నాం. మనమూ అదే చేసినందుకు నాకు చాలా బాధ కలిగింది. కార్యదర్శిగా తప్పు నాది. ఇకనుంచి ప్రతి పత్రంలో రచయిత పేరే ముందు వేస్తాం.

జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. చందాలు ఇచ్చినవారికి, హాలు శుభ్రం చేసి కుర్చీలు సర్దినవారికి కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన క్యూబా పియానో వాద్యకారిణి అయీదా దియెస్త్రో. 1952లో హవానాలో నలుగురు అమ్మాయిలతో ఆమె గానబృందం కట్టారు. ఆ నలుగురూ ఎలేనా బుర్కే, మొరైమా సెకాదా, ఒమారా, ఆయిదే పోర్తువోందో. ఆమె పియానో ముందు కూర్చుని నాలుగు గొంతుల్నీ నడిపించారు. సభ్యులు ఆమోదిస్తే మొదటి కూటమి పెట్టుకుందాం. కోలాటం కర్రలు ఉన్నవారు తప్పక తెచ్చుకోండి. కిందటిసారి అందరికీ చాలలేదు.

ఇట్లు,
కార్యదర్శి