డెలివరీ పద్ధతి మారుస్తున్నాం, కారణం ఇదీ

కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల నుంచి మన పచ్చళ్లు, పొడులు ఆర్డర్ పెట్టిన గంటలో ఇంటికి రావు. ఏ ఏరియాకి ఏ రోజో ముందే చెప్పి, మా ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటోలో పంపుతాం. "పాల ప్యాకెట్ పది నిమిషాల్లో వస్తోంది, మీ గోంగూర ఎందుకు రాదండీ?" అని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన మాటే.

బ్లింకిట్, జెప్టో లాంటి కంపెనీలు కాలనీల మధ్యలోనే చిన్న గోదాములు పెట్టుకుంటాయి. డార్క్ స్టోర్ అంటారు. అక్కణ్నుంచి మీ గుమ్మానికి రెండు మూడు కిలోమీటర్లే. బండి స్పీడు కంటే ఆ దగ్గరతనమే అసలు కిటుకు. ఆ గోదాము అద్దె గిట్టాలంటే చుట్టుపక్కల నుంచి రోజంతా ఆర్డర్లు పడుతూనే ఉండాలి. మనకున్నది హైదరాబాద్‌లో, ఎల్బీనగర్ దగ్గరి కొత్తపేటలో ఒక్క వంటశాల. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వరకు మెట్రో లైనే దాదాపు 29 కిలోమీటర్లు. పావుకిలో పచ్చడి కోసం ఆ చివరికి బైక్ పంపితే, సీసా కంటే కిరాయి ఎక్కువవుతుంది. దాన్ని మీరో, నేనో, ఎండలో బండి నడిపే కుర్రాడో భరించాలి. 'ఫ్రీ డెలివరీ' అని బోర్డు పెడితే ఆ ఖర్చు ధరలో కలిసిపోయి, నడిచొచ్చి కొనుక్కునే పక్కవీధి పెద్దావిడ మీదా పడుతుంది. అది నాకు ససేమిరా ఇష్టం లేదు.

కూకట్‌పల్లి వైపు ఇళ్లన్నీ ఒకే ట్రిప్పులో చుట్టేస్తే ఖర్చు అందరికీ తలా కాస్త పడుతుంది. తెల్లారే పాలు వేసేవాళ్ల లైను నడిచేది ఈ లెక్క మీదే. గేటెడ్ కమ్యూనిటీల్లో మాత్రం ఒక్కోసారి దారికంటే గేటు దగ్గరే ఎక్కువసేపు పడుతుంది. మీరు ఇంట్లో లేకపోతే మళ్లీ ఇంకో ట్రిప్పు. అందుకే సెక్యూరిటీ దగ్గర పెట్టి వెళ్లమంటారో లేదో ఆర్డర్‌లోనే రాయండి.

ఇడ్లీ పిండి సంగతి వేరు. ఎండకి పొంగి కవరు పగిలిపోతుంది. కాబట్టి అది దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు మాత్రమే, పొద్దున్నే ఇస్తాం. దూరంలో ఉన్నవాళ్లకి ఇవ్వలేకపోతున్నందుకు బాధగానే ఉంది.

కూకట్‌పల్లి, మియాపూర్ వాళ్లకి మంగళవారం, గచ్చిబౌలి, కొండాపూర్ వాళ్లకి శనివారం. వరంగల్, కరీంనగర్ సీసాలు ఎప్పటిలాగే ఆర్టీసీ కార్గోలో వస్తాయి, బస్టాండ్‌లో తీసుకోండి. డెలివరీ ఖర్చు ధరలోంచి తీసేస్తున్నాం కాబట్టి సీసా రేటు తగ్గుతుంది. కొత్త రేట్లు వాట్సాప్ గ్రూపులో పెడతాను. అర్జెంటైతే మీరే బైక్ బుక్ చేసి పంపండి, ప్యాక్ చేసి సిద్ధంగా ఉంచుతాం.