విషయం: శీతాకాలపు పూల విత్తనాల పేకెట్లపై విత్తే కాలం తప్పుగా వేయడం గురించి

విజయనగరం

వినియోగదారుల సేవా విభాగం వారికి,

అయ్యా,

విజయనగరంలో మాది చిన్న నర్సరీ. మీ పూల విత్తనాలు డీలరు దగ్గర తీసుకుని అమ్ముతున్నాం. పాన్సీ, పెటూనియా, స్నాప్‌డ్రాగన్, స్వీట్ పీ ఏ పేకెట్ తిప్పి చూసినా వెనక ఒకటే మాట: "నేల గడ్డకట్టే మంచు పోయాక, మార్చి-ఏప్రిల్‌లో విత్తండి." ఈ జిల్లాలో, పక్క శ్రీకాకుళంలో మైదానాన నేల గడ్డకట్టగా చూసినవాళ్లెవరో మీరే చెప్పాలి. చలిదేశాల కేలండరును అలాగే దించేశారని చూడగానే తెలిసిపోతోంది.

పాన్సీ గింజకు 18-20 డిగ్రీల చల్లదనం కావాలి. మార్చిలో ఇక్కడ మధ్యాహ్నం 30 దాటేస్తుంది. అప్పుడు వేస్తే సగం గింజలు మట్టిలోనే ఉండిపోతాయి. లేచిన నాలుగూ దారాల్లా సాగి, మొదలు నల్లబడి ఒరిగిపోతాయి. ఆ ట్రేలు తెచ్చి నా బల్ల మీద పెట్టి "పాత విత్తనం అంటగట్టారు" అంటున్నారు జనం. విత్తనంలో ఏ లోపమూ లేదు. అవే పేకెట్లలో మిగిలినవి దసరా వెళ్లాక నేనే వేశాను, నారు చక్కగా లేచింది. లోపమంతా మీ అచ్చులోనే ఉంది.

మా కోస్తాకు లెక్క ఇదండీ. సెప్టెంబరు చివర మొదలుపెట్టి అక్టోబరంతా నారు పోయాలి, నవంబరులో కుండీల్లోకి మార్చాలి. సంక్రాంతికి పూలు చూస్తాం, ఫిబ్రవరి దాటితే మొక్క వడలిపోతుంది. స్వీట్ పీకి వేరు కదిలిస్తే పడదు కాబట్టి, రాత్రంతా నానబెట్టి ఉండాల్సిన చోటే నాటాలి. అక్టోబరంటే మాకు తుఫానుల నెల కూడా. 2014లో హుద్‌హుద్ 12న, 2018లో తిత్లీ 11న వచ్చాయి. అందుకే నారు ఆరుబయట మడిలో కాకుండా ట్రేల్లో, చూరు కింద పెంచమని రాయాలి. మీ పేకెట్ మీద ఆ ఊసే లేదు.

ఇంకొకటి. అన్ని విత్తనాల మీదా "అరంగుళం మట్టి కప్పండి" అని వేశారు. పెటూనియా గింజ ముక్కుపొడిలా ఉంటుంది, దానికి వెలుతురు తగలాలి. తడి మట్టి మీద చల్లి వేలితో అదిమితే చాలు. చీకటి కావలసింది పాన్సీకి. అన్నిటికీ ఒకే వాక్యం వేసే ముందు ఎవరినైనా అడగవలసింది.

మీ నంబరుకు ఫోన్ చేస్తే "పేకెట్ మీద ఉన్నట్టే చేయండి మేడమ్" అన్నారు. అంతకంటే గొప్ప, సరుకు దిగేది ఫిబ్రవరిలో! వేసవికి అమ్ముకోవాలనుకుంటే బంతి, జీనియా పంపండి, కాదనం.

ఫిబ్రవరి సరుకులో అమ్ముడుపోని పేకెట్లు వెనక్కి తీసుకుని డబ్బు జమ చేయండి. కోస్తా జిల్లాలకు విత్తే నెలలు వేరుగా, తెలుగులో అచ్చు వేయించండి. ఈసారి వినాయక చవితి నాటికి సరుకు చేరాలి. కొన్నవాళ్లలో కొందరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తామని, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామని అంటున్నారు. వాళ్ల బిల్లుల నకళ్లు నా దగ్గరే ఉన్నాయి, అడిగితే ఇచ్చేస్తాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
నర్సరీ యజమానురాలు

జత: పేకెట్ల ఫొటోలు, డీలరు బిల్లు నకలు