పాత రివాల్వర్‌కి పాలిష్ పెట్టించకండి

సంపాదకులకు నమస్కారం.

పాత వస్తువుల ధరల గురించి కిందటి ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, తళతళలాడేలా శుభ్రం చేయిస్తే మంచి రేటు వస్తుందని రాశారు. ఇత్తడి బిందెకి అది చెల్లుతుందేమో. అదే వరుసలో రివాల్వర్‌ని కూడా చేర్చారు కాబట్టి ఈ ఉత్తరం. పర్లాకిమిడిలో మా నాన్నగారి తరవాత నేను ముప్పై ఏళ్ళు లైసెన్సు తుపాకులు బాగుచేశాను.

కిందటేడు మా వీధిలో ఒకరింట్లో ముత్తాతగారి వెబ్లీ మార్క్ 6 అనే బ్రిటిష్ సైనిక రివాల్వర్ చూపించారు. లైసెన్సు సక్రమంగా ఉంది. ఎవరో బేరగాడు చెప్పాడని బఫింగ్ (మిషను చక్రంతో రుద్ది మెరుపు తేవడం) పట్టించి, నికెల్ పూత వేయించారు. ఫ్రేమ్ ఎడమ పక్కన తయారైన సంవత్సరం ఉండే చోట భూతద్దం పెట్టి చూస్తే ‘19’ ఒక్కటే ఆనవాలుగా మిగిలింది. పదునుగా ఉండాల్సిన అంచులు అరిగిన సబ్బుబిళ్ళలా ఉన్నాయి. స్క్రూల చుట్టూ గుంటలు పడ్డాయి. ఆ ఇంటి పెద్దావిడ మొహం చూసి నాకు నోట మాట రాలేదు.

ఉక్కు మీది నీలిరంగు వెలిసి గోధుమవన్నెకి తిరిగితే తిరగనివ్వండి, కొనేవాడు వెతికేది దాన్నే. ఎర్రగా పొడి రాలే తుప్పుని మాత్రం నూనె గుడ్డతో ఆపాలి. తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు తేమ పడుతుంది.

వయసొక్కటే చూసి అరుదు అనుకోవడం ఇంకో పొరపాటు. మార్క్ 6 వచ్చింది 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం కోసం లక్షకి పైగా చేశారు. వాటిలో తూటాలు పెట్టే చక్రం మీదా ఫ్రేమ్ మీదా నంబరు ఒకటే ఉండి, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పరీక్షించి వేసిన ముద్రలు చెరగనిదానికే విలువ. 1853 నుంచి 1856 దాకా లండన్ కార్ఖానాలో చేసిన కోల్ట్ నేవీ అనే అమెరికన్ కంపెనీ రివాల్వర్ సంగతి వేరు. దాని చక్రం చుట్టూ ఓడల యుద్ధం బొమ్మ ఉంటుంది, గీతలు వెంట్రుకంత సన్నం. తెరచాపలు ఇంకా కనబడుతున్నాయంటే దాన్ని ఎవరూ రుద్దలేదన్నమాట. ఒక్కసారి బఫింగ్ తగిలితే ఓడలు మాయం.

కాగితాలు పారేయకండి. 1936కి ముందు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. ఆనాటి లైసెన్సు పుస్తకంలో ముత్తాతగారి పేరు, తుపాకి నంబరు కలిసి ఉంటే ఆ వస్తువు ఎవరి చేతిలోంచి వచ్చిందో తేలిపోతుంది. ఆ ఇంట్లో ఆ పుస్తకాన్ని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశారు.

ఇంకొక్క మాట. పాతదే కదా అని లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోకూడదు. బాగుచేసినా పేలదన్న పాత ఆయుధానికే 1959 ఆయుధాల చట్టంలో మినహాయింపు, అది పేలుతుందో లేదో మనంతట మనం తేల్చుకోకూడదు. నూరేళ్ళు దాటినవి 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువుల కిందికి వస్తాయి, దేశం దాటించడం నేరం.

వచ్చే ఆదివారం పాలిష్ మాట ఒక్కటైనా సవరించి వేయండి. మా వైపు ఇళ్ళల్లో అటకల మీద ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.

– విశ్రాంత తుపాకుల మెకానిక్, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా