రక్తం తీసుకున్న ఆ సిస్టర్‌కి

మా అత్తగారిది అర్జెంటీనా. 1977లో, సైనిక పాలన రోజుల్లో, ఆమె తమ్ముణ్ణి ఇంట్లోంచి పట్టుకెళ్లారు. ఇప్పటికీ ఆచూకీ లేదు. 1984లో మొదలైన అక్కడి ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ బృందం, పేరులేని సమాధుల్లో దొరికిన ఎముకల డీఎన్‌ఏని బంధువుల రక్తంతో పోల్చి చూస్తుంది. మొన్న బ్యూనస్ ఐరిస్‌లో ఆ శాంపిల్ ఇవ్వడానికి ఆవిడకి నేనే తోడెళ్లాను.

కుర్చీలో కూర్చోగానే అత్తగారి చేతులు వణకడం మొదలైంది. నాకేమో టెన్షన్. సిస్టర్, మీరు సూది పక్కన పెట్టేశారు. ఎప్పుడు, ఎలా తీసుకెళ్లారని అడగలేదు. అవన్నీ ఫారంలో ఎలాగూ ఉన్నాయి. "మీ తమ్ముడిది ఏ ఫుట్‌బాల్ టీమ్?" అన్నారు. నా వచ్చీరాని స్పానిష్‌కి కూడా అర్థమైంది. అంతే, ఆవిడ ముఖం విప్పారింది. మ్యాచ్‌లు, గిటారు, రాత్రి ఆలస్యంగా వచ్చి వాళ్లమ్మ చేత తిన్న తిట్లు... బయట లైను పెరుగుతున్నా మీరు వింటూనే ఉన్నారు. రక్తం ఎప్పుడు తీశారో ఆవిడకి తెలియనే లేదు!

తర్వాత ఫారంలో తమ్ముడి పేరు సరిగ్గా ఉందో లేదో చూడమని ఆవిడకే ఇచ్చారు. ఒక అక్షరం దిద్దారావిడ, స్కూలు టీచర్‌లా.

ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా ఆ టీమ్ కబుర్లే. మీ పేరు అడగడం మర్చిపోయాం సిస్టర్. మీకు వేల దండాలు.