రుపాన్యప్ లెక్క చూడండి: ఆస్ట్రేలియా ట్రెజరర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫెడరల్ ట్రెజరర్ (ఆర్థిక మంత్రి) గారికి,

విక్టోరియా రాష్ట్రం విమ్మెరా ప్రాంతంలో లెక్కలు రాసేవాళ్లం, పైర్లకు సలహాలు చెప్పేవాళ్లం, ఆసుపత్రుల్లోనూ వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోనూ పనిచేసేవాళ్లం, తెలుగువాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి విడిగా వస్తుంది. తెలుగులోనూ ఎందుకు పెట్టామంటే, పెద్ద నగరాల బయట ఉండి పనిచేయాలన్న షరతుతో ఇచ్చే 491 వీసా మీద మనవాళ్లు చాలామంది పెద్ద నగరాలు వదిలి ఇలాంటి ఊళ్లకు వస్తున్నారు. వచ్చే ముందు ఇల్లు దొరుకుతుందా, బడి ఉందా, డాక్టరు ఉన్నాడా అని అడుగుతారు. బ్యాంకు సంగతి ఎవరూ అడగరు. ఫోన్లో ఉంది కదా అనుకుంటారు. ఊరు నిలవడానికీ చితకడానికీ అది ఎంత కారణమో ఇక్కడికి వచ్చాక గానీ తెలియదు.

నాలుగు పెద్ద బ్యాంకులు 2027 జూలై 31 దాకా ప్రాంతీయ శాఖలు మూయబోమని మీకు మాట ఇచ్చాయి. 2017 తర్వాత సుమారు మూడో వంతు శాఖలు మూతపడ్డాక వచ్చిన మాట అది. ఆ నాలుగూ కాని బ్యాంకులకు అదీ వర్తించదు. ఆ గడువును ఇంకో రెండేళ్లు జరపమని మేం అడగడం లేదు. వెళ్లిపోవాలనుకున్న బ్యాంకును కట్టేసి ఉంచితే వారానికి రెండు పూటలు తలుపు తెరిచి, మిగతా రోజులు బోర్డు తగిలించి ఊరుకుంటుంది. మేం అడిగేది వేరు. బ్యాంకు వెళ్లేటప్పుడు, ఊరు తన బ్యాంకు తాను పెట్టుకోవడానికి కావలసిన లెక్కలు, వ్యవధి, గది అప్పగించి వెళ్లాలి. దీన్ని చట్టంలో పెట్టండి.

ఇది గాలిలో మేడ కాదు. ఊరివాళ్లే వాటాలు కొని నడుపుకునే కమ్యూనిటీ బ్యాంకు శాఖలు ఆస్ట్రేలియాలో మొట్టమొదట 1998 జూన్ 26న విమ్మెరాలోని రెండు గోధుమ ఊళ్లు, రుపాన్యప్, మినిప్‌లలో తెరుచుకున్నాయి. ఆ తర్వాత దేశమంతటా ఆ పద్ధతిలో మూడు వందలకు పైగా శాఖలు వచ్చాయి. నిర్ణయాలన్నీ రాజధాని కాన్‌బెర్రాలో జరుగుతాయి కానీ, ఈ ఒక్క ఉపాయం మాత్రం ఐదు వందల పైచిలుకు మంది ఉండే ఊళ్లో పుట్టింది.

రుపాన్యప్ మెల్‌బోర్న్‌కు వాయవ్యంగా దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం. ఈ ప్రాంతం వోట్జోబలుక్, జాడ్వా తదితర ఆదిమ ప్రజలది. విమ్మెరా నది వెంబడి వాళ్ల హక్కును ఫెడరల్ కోర్టు 2005 డిసెంబరులో గుర్తించింది. 1870లలో ప్రభుత్వ భూములు ఎంచుకుని సాగు చేసుకునే చిన్న రైతులు వచ్చారు. 1887లో లూబెక్ నుంచి రైలు వచ్చింది. నేల బూడిదరంగు బంకమట్టి, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే బూట్లు ఊడొస్తాయి. మన నల్లరేగడికి చుట్టమే. మొదట అంతా గోధుమే. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగుమతి ఓడలు ఆగిపోయి గోధుమ గుట్టలు పడితే, పక్కనే మర్టోవాలో 1941–42లో 560 చెట్టు మాన్లు నిలబెట్టి 270 మీటర్ల పొడవున కొట్టం కట్టారు. అది ఇప్పటికీ నిలిచి ఉంది, 2014లో జాతీయ వారసత్వ జాబితాకెక్కింది. చూడనివాళ్లు చూసి తీరాలి.

ఇక ఊరు కోల్పోయినవి. 1995 కల్లా విక్టోరియా ప్రభుత్వం 210 స్థానిక కౌన్సిళ్లను 78కి కుదించింది. రుపాన్యప్ ఉన్న డన్మంకుల్ షైర్ (ఇక్కడ గ్రామీణ కౌన్సిల్‌ను షైర్ అంటారు) పోయి యారియాంబియాక్ షైర్‌లో కలిసింది, కార్యాలయం వారక్‌నబీల్‌కు వెళ్లింది. షైర్ ఉద్యోగులంటే బడికి పిల్లలు, ఫుట్‌బాల్ జట్టుకు ఆటగాళ్లు, దుకాణాలకు జీతం డబ్బు. ఆ దశాబ్దంలోనే బ్యాంకులూ తప్పుకున్నాయి. బ్యాంకు పోతే పోయేది బ్యాంకొక్కటే కాదు. డబ్బు వేయడానికి దగ్గరి పెద్ద ఊరు హార్షమ్ వెళ్లినవాళ్లు కిరాణా అక్కడే కొంటారు, మందులు అక్కడే తీసుకుంటారు, ట్రాక్టరు విడిభాగాల షాపు అక్కడే చూసుకుంటారు. రానూపోనూ దాదాపు 90 కిలోమీటర్లు పెట్రోలు పోసి వెళ్లాక ఒక్క పనితో ఎవరు తిరిగొస్తారు?

అప్పుడు ఊరివాళ్లు చేసిన పద్ధతి, ఆ తర్వాత మిగతా ఊళ్లలో స్థిరపడిన పద్ధతి, క్రమంగా ఇలా ఉంటుంది. ముందు హాల్లో బహిరంగ సభ పెట్టి కమిటీని ఎన్నుకుంటారు. కమిటీ ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఎంత వాటా కొంటారో రాయించుకుంటుంది. ఈ దశలో డబ్బు తీసుకోరు, మాటే. ఆ మాటల మొత్తం చాలినంత వస్తే సాధ్యాసాధ్యాల నివేదిక రాయిస్తారు: ఎన్ని ఇళ్లు, ఎన్ని వ్యాపారాలు, ఎంత డిపాజిట్టు కదలవచ్చు, ఎన్ని రుణాలు రావచ్చు అని. లెక్క తేలితే స్టాక్ ఎక్స్ఛేంజీలో లేని పబ్లిక్ కంపెనీ ఒకటి పెట్టి, ప్రాస్పెక్టస్ (కంపెనీ, వాటాల వివరాల పత్రం) అచ్చువేసి వాటాలు అమ్ముతారు. ఎన్ని వాటాలున్నా వాటాదారుకు ఓటు ఒక్కటే, ఏ ఒక్కరూ పదో వంతుకు మించి పట్టుకోకూడదు. పెద్ద రైతు ఒకడు ఊరి బ్యాంకును జేబులో వేసుకోకుండా ఉండటానికే ఈ షరతు. బ్యాంకింగ్ లైసెన్సు మాత్రం ఈ పద్ధతిలో ఊరి కంపెనీకి భాగస్వామి అయిన బెండిగో బ్యాంకుది. రుణం మంజూరు, కంప్యూటర్లు, మొండి బకాయి నష్టం దాని వంతు. గది అద్దె, ఉద్యోగుల జీతాలు, ఊళ్లో ప్రచారం స్థానిక కంపెనీ వంతు. వచ్చే ఆదాయం ఇద్దరూ పంచుకుంటారు. లాభం వస్తే అందులో 80 శాతం దాకా ఊరి పనులకు వెళుతుంది, మిగిలింది వాటాదారులకు.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ట్రెజరీ అధికారులకు ఇచ్చే కాగితాల్లో ఎక్కువగా విజయాలే ఉంటాయి. ఊరి మీద అభిమానంతో వాటాలు కొంటారు, ఇంటి రుణం మాత్రం పాత బ్యాంకులోనే ఉంచుతారు. వాటా డబ్బుతో గది తెరుచుకుంటుంది, కానీ శాఖ నడిచేది ఖాతాలతో. అందుకే మొదటి కొన్నేళ్లు నష్టాలు, కమిటీకి నిద్రపట్టని రాత్రులు. ఇంకోటి వయసు. ఇలాంటి ఊళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ, కాబట్టి డిపాజిట్లు దండిగా, రుణాలు కొద్దిగా ఉంటాయి. ఆస్ట్రేలియా రిజర్వు బ్యాంకు వడ్డీ 2020 నవంబరు నుంచి 2022 మే దాకా 0.10 శాతం ఉన్నప్పుడు డిపాజిట్ల మీద మిగిలేది దాదాపు ఏమీ లేక ఇలాంటి శాఖల ఆదాయం చిక్కిపోయింది. 2023 చివరికి 4.35 శాతానికి చేరేసరికి అవే డిపాజిట్లు బంగారమయ్యాయి. అంటే శాఖ బతుకు ఊరి కష్టం మీదే కాదు, మీ చేతిలోనూ లేని వడ్డీరేటు మీద ఊగుతుంది. మంచి ఏళ్లలో కొంత నిధి పక్కన పెట్టని కంపెనీలు చెడ్డ ఏళ్లలో చేతులెత్తేస్తాయి. మూడోది మనుషుల కొరత. బ్యాంకు బోర్డులో ఉన్న పదిమందే ఫుట్‌బాల్ క్లబ్బులో, హాలు కమిటీలో, అగ్నిమాపక దళంలో ఉంటారు. జీతం లేని పని. వాళ్లు అలసిపోతే వారసులు ఉండరు.

బ్యాంకు మనిషి ఊళ్లోనే ఎందుకుండాలో పప్పుల లెక్క చూస్తే తెలుస్తుంది. ఈ నేలల్లో ఇప్పుడు మసూరు, శనగ ప్రధాన పంటలు. ఏప్రిల్ చివర, మే నెలల్లో విత్తుతారు, నవంబరు, డిసెంబరుల్లో కోస్తారు. మసూరు మొక్క పొట్టిది, కాయ నేలకు దగ్గరగా ఉంటుంది. విత్తాక బరువైన రోలరుతో గడ్డలు అణచకపోతే కోతయంత్రం కత్తి మట్టిని తింటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో మంచు పడితే పూత మాడుతుంది. విత్తనం, ఎరువు, మందు ఖర్చంతా ముందు, రాబడి ఏడాదికొక్కసారి వెనక. మధ్య ఎనిమిది నెలలు ఓవర్‌డ్రాఫ్టే (ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకోనిచ్చే అప్పు) తిండి. పైగా కొనేవాళ్లలో పెద్దవాడు మన భారతదేశం. 2017 డిసెంబరులో, ఇక్కడ కోతలు నడుస్తుండగానే, ఢిల్లీ శనగలు, మసూరు మీద 30 శాతం సుంకం వేసింది. 2018 మార్చికల్లా శనగ మీద అది 60 శాతమైంది. ఆ గింజ అప్పటికే పండి ఉంది, దాని మీద అప్పు అప్పటికే తీసుకుని ఉంది. రైతు గోదాములో నిల్వ పెట్టి ధర కోసం ఆగాలంటే ఓవర్‌డ్రాఫ్టు గడువు జరగాలి. నగరంలో ఫోనెత్తే మనిషికి ఇది మొండి బకాయిలా కనిపిస్తుంది. ఊళ్లో ఉన్న మేనేజరు పొలం గట్టు మీద నిలబడి గింజ చూసి వెళతాడు.

క్లబ్బుల సంగతి ఇంకా చిన్నది, అందుకే మీ దాకా రాదు. రుపాన్యప్‌లో గింజలు నిల్వ చేసే ఎత్తైన సైలోల మీద 2017లో యూలియా వోల్చ్‌కోవా అనే రష్యన్ చిత్రకారిణి వేసిన ముఖాలు స్థానిక ఫుట్‌బాల్, నెట్‌బాల్ ఆటగాళ్లవి. ఊరు తనను తాను ఎలా చూసుకుంటుందో ఆ బొమ్మలే చెబుతాయి. ఆ క్లబ్బుకు శనివారం గేటు దగ్గర చిల్లర కావాలి, సాయంత్రం క్యాంటీను, బారు డబ్బు భద్రంగా జమ కావాలి. ప్రతి ఏటా సర్వసభ్య సమావేశం తర్వాత ఖాతా మీద సంతకందారులు మారతారు. తీర్మానం నకలు, కొత్తవాళ్ల గుర్తింపు పత్రాలు, పాతవాళ్ల సంతకం కావాలి. పాత కోశాధికారి ఉద్యోగం మారి క్వీన్స్‌లాండ్ వెళ్లిపోయాడనుకోండి, ఖాతా స్తంభిస్తుంది. శాఖ ఉంటే అరగంట పని. లేకపోతే ఇద్దరు ముగ్గురు మనుషులు పనిదినం మానుకుని ఒకే రోజున హార్షమ్ వెళ్లాలి.

పోస్టాఫీసులో బ్యాంకింగ్ ఉందిగా అని మీ శాఖ అంటుంది. ఉంది, మంచిదే. జమ, ఉపసంహరణ జరుగుతాయి, అవి కూడా బ్యాంకును బట్టి పరిమితుల్లో. కానీ రుణం గురించి మాట్లాడలేరు, సంతకందారులను మార్చలేరు. చిన్న ఊళ్లలో చాలా పోస్టాఫీసులు లైసెన్సు తీసుకుని నడుపుకునే సొంత వ్యాపారాలు. లావాదేవీకి ఇంత అని వాళ్లకు ముడుతుంది. ఒక చిన్న ఉపసంహరణకూ, అరగంట నాణేలు లెక్కపెట్టే జమకూ శ్రమ ఒకటి కాదు. భద్రత ఖర్చు, నగదు తెప్పించుకునే ఖర్చు వాళ్ల నెత్తినే. చెక్కులు 2029 సెప్టెంబరుతో పూర్తిగా పోతున్నాయని మీ ప్రభుత్వమే ప్రకటించింది. ఆ భారం కూడా ఆ కౌంటర్ మీదికే వస్తుంది.

కాబట్టి మా కోరికలు. శాఖ మూయదలచిన ఏ బ్యాంకైనా, పెద్ద నాలుగే కాదు, పన్నెండు నెలల ముందు నోటీసివ్వాలి. ఆ నోటీసుతోపాటు ఆ పోస్ట్‌కోడ్‌లో తన డిపాజిట్లు, ఇంటి రుణాలు, వ్యవసాయ రుణాలు మొత్తాల్లో ఎంతో, వ్యక్తుల పేర్లు లేకుండా, బయటపెట్టాలి. సాధ్యాసాధ్యాల నివేదికలో సగం ఊహాగానం ఈ ఒక్క లెక్క దాచిపెట్టడం వల్లే. భవనం తనదైతే, స్ట్రాంగ్‌రూమ్‌తో సహా, ఊరి కంపెనీకి కనీసం రెండేళ్లు నామమాత్రపు అద్దెకివ్వాలి. ఆ గోడలు, ఆ తలుపు కొత్తగా కట్టించడమంటే ప్రాణం తీసే ఖర్చు. నివేదికకూ ప్రాస్పెక్టస్‌కూ అయ్యే వకీలు, ఆడిటరు ఖర్చుకు చిన్న నిధి పెట్టండి, గ్రాంటుగా కాకపోయినా శాఖ నిలదొక్కుకున్నాక తిరిగి కట్టే అప్పుగానైనా. పోస్టాఫీసుల్లో క్లబ్బుల సంతకందారుల గుర్తింపు తనిఖీ చేసే అధికారం ఇవ్వండి, రుసుమును నగదు పరిమాణంతో ముడిపెట్టండి.

దీని మీద విమ్మెరాలో సభ పెడితే తప్పక వస్తాం. ఏప్రిల్ 25న వచ్చే ఆంజాక్ డే ముందూ వెనకా పెట్టకండి, అందరూ విత్తనాల మీద ఉంటారు. నవంబరు, డిసెంబరు అసలు వద్దు. ఫిబ్రవరి రెండో వారం తర్వాత, సాయంత్రం ఏడున్నరకు, ఎయిర్ కండిషనర్ పనిచేసే హాల్లో పెట్టండి. మంగళ, గురువారాలు మాత్రం వదిలేయండి. ఆ రెండు సాయంత్రాలు ఫుట్‌బాల్, నెట్‌బాల్ ప్రాక్టీసు ఉంటుంది, మీరే వచ్చినా ఖాళీ కుర్చీలతో మాట్లాడుకోవాలి.

ఇట్లు,
విమ్మెరా ప్రాంతంలో ఉంటున్న తెలుగువాళ్లం కొందరం