ఆ ఈస్ట్ జన్యువు మన పొట్ట తగ్గించేది కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో 'కొవ్వును కరిగించే ఈస్ట్ జన్యువు' అని పెద్దక్షరాలతో వేశారు, పక్కనే నడుముకి టేపు చుట్టుకున్న అమ్మాయి ఫొటో. ఆ ఫొటో ఎందుకండీ అక్కడ? మా పక్కవాటాలో ఉండే ఆవిడ అది చూసి, బన్నుల కోసం తెచ్చుకున్న ఈస్ట్‌ని పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో కాస్త తేనె వేసి కలిపి, నురగ పైకి పొంగాక గ్లాసెత్తి గటగటా తాగేస్తున్నారు. వద్దండీ అంటే "పేపర్లో వేశారుగా" అంటారు. కడుపుబ్బరం తప్ప ఆవిడకి ఒరిగిందేమీ లేదు.

మీరు రాసిన జన్యువు టీజీఎల్4. అది పనిచేసేది ఈస్ట్ కణం తన కోసం దాచుకున్న కొవ్వు మీద. కణం లోపల చిన్న చిన్న కొవ్వు బొట్లుంటాయి, వాటిలో ఉండేది ట్రైగ్లిజరైడ్, అంటే గ్లిసరాల్‌కి మూడు ఫ్యాటీ ఆమ్లాలు అతుక్కుని ఉన్న సరుకు. ఈ జన్యువు చేయించే ఎంజైమ్ ఆ బొట్టు మీదే ఉండి ఫ్యాటీ ఆమ్లాన్ని తెంపి వదులుతుంది. మన మిర్చి రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీల్ని రేటు చూసుకుని బయటికి తీసినట్టు, ఈస్ట్ కూడా అదను చూసే తీస్తుంది. తిండి లేక ఊరికే పడున్న కణానికి మళ్లీ చక్కెర దొరికిందంటే పిల్ల కణం కోసం పక్కన మొగ్గ వెయ్యాలి, మొగ్గకి కొత్త పొర కావాలి, పొరకి ఫ్యాటీ ఆమ్లాలు కావాలి. సరిగ్గా ఆ టైముకి, కణ విభజనని నడిపించే సీడీకే1 అనే ఎంజైమే ఈ టీజీఎల్4 ఎంజైమ్‌కి ఫాస్ఫేట్ తగిలించి జోరు పెంచుతుందని 2009లో తేలింది. అసలు కథంతా ఇక్కడే ఉంది, మీ వార్తలో దీని ఊసే లేదు.

2006లో ఆస్ట్రియాలోని గ్రాజ్ శాస్త్రవేత్తలు టీజీఎల్4నీ, అలాగే కొవ్వు విరిచే టీజీఎల్3 అనే మరో జన్యువునీ రెండూ తీసేసి చూస్తే ఈస్ట్ చావలేదు, కొవ్వు వాడుకోలేక లోపలే పేర్చుకుంది. టీజీఎల్4 లేని కణంలో, ఎలుకలో అదే పని చేసే ఏటీజీఎల్ అనే జన్యువు పెడితే కొవ్వు విరగడం మళ్లీ చాలావరకు మొదలైంది. మనలోనూ ఆ ఏటీజీఎల్ ఉంది. అది పుట్టుకతోనే చెడిన కొద్దిమందికి కండరాల్లో, కొందరికి గుండెలో కూడా కొవ్వు పేరుకుని నీరసించిపోతారు, అలాగని వాళ్లేమీ లావుగా ఉండరు. ఇలాంటి జబ్బుల్ని అర్థం చేసుకోడానికి ఈస్ట్ పనికొస్తుంది, గ్లాసులో కలుపుకుని తాగడానికి కాదు. (ఈ ఎంజైమ్‌లోని ముఖ్యమైన భాగం లాంటిదే బంగాళాదుంపలోని పటాటిన్ అనే ప్రొటీన్‌లోనూ ఉంది, దయచేసి రేపు ఆలూ ఫ్రై తింటే సన్నబడతారని వెయ్యకండి.)

వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వెయ్యండి. ఎక్కడో మూలన రెండు లైన్లు వేస్తే మా పక్కవాటావిడ కంట పడదు.

- ఒక బోటనీ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు