పాత రాక్ ఎల్పీకి ధర వయసును బట్టి రాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో పాత ఎల్పీల (ప్లేయర్ మీద ముల్లుతో వాయించే పెద్ద గ్రామఫోన్ రికార్డుల) గిరాకీ మీద వచ్చిన వ్యాసం హుషారుగానే ఉంది. కానీ దాన్ని చదివి అటక మీది పెట్టె దింపినవాళ్లంతా "యాభై ఏళ్ల నాటిది, మింట్ కండిషన్" అని ప్రకటన పెట్టేస్తారేమోనని భయం. రాక్ రికార్డుకు ధర తెచ్చేది వయసు కాదు. అది ఏ ముద్రణ (ఎప్పుడు, ఎక్కడ అచ్చేసిన కాపీ), ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, చూసేది ఈ రెండే. ముద్రణ సంగతి మనకు తెలియకపోయినా ఫొటో చూసి కొనేవాడే పట్టేస్తాడు. స్థితి తప్పు రాస్తే మాత్రం సరుకు తిరిగొస్తుంది, రానుపోను పోస్టు ఖర్చు అమ్మినవాడి నెత్తిన పడుతుంది.

స్థితికి గ్రేడు కట్టడానికి, అమెరికాలో రికార్డులు సేకరించేవాళ్ల పత్రిక గోల్డ్‌మైన్ పేరు మీద స్థిరపడిన వరసనే ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కువమంది వాడుతున్నారు: మింట్, నియర్ మింట్, వీజీ (వెరీ గుడ్) ప్లస్, వీజీ, జీ (గుడ్) ప్లస్, జీ, పూర్. మింట్ అంటే ఏ లోపమూ లేనిది, ఇంచుమించు ముల్లు తగలనిదే. అటక దిగినదేదీ మింట్ కాదు. నియర్ మింట్ కాపీ వంద రూపాయలనుకుంటే వీజీ ప్లస్‌కు 50, వీజీకి 25, జీకి 10 నుంచి 15, పూర్‌కు అయిదుకు మించదు. పైన ఒక్క మెట్టు దిగితే ధర సగం తెగుతుందన్నమాట. పేర్లు చూసి మోసపోకూడదు. వెరీ గుడ్ అంటే పాట వెనకాల చిటపటలు వినిపిస్తాయని అర్థం. గుడ్ అంటే మర్యాద కోసం వాడే మాట, అంతే. బ్రిటన్ వాళ్ల వరసలో ఎక్స్‌లెంట్ అని ఒక మెట్టు ఉంది; అది అమెరికా వీజీ ప్లస్‌కు దగ్గర. ఏ వరస వాడుతున్నారో ప్రకటనలో ఒక ముక్క రాస్తే సగం తగాదాలు పుట్టవు.

గ్రేడు కట్టే ముందు కడగాలి. దుమ్ముతో ఉన్న రికార్డును చూసి ఏమీ చెప్పలేం. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో నాలుగైదు చుక్కల రంగూ వాసనా లేని గిన్నెల లిక్విడ్ కలిపి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో, ముల్లు నడిచే గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి నిలబెట్టి ఆరనివ్వాలి. బోరు నీళ్లు వద్దు. అందులోని సున్నం గాడిలోనే ఎండి కొత్త చిటపటలు తెస్తుంది. మన కోస్తా ఊళ్ల ఉక్కకు పట్టే తెల్ల బూజు మచ్చలు చాలావరకు ఈ కడుగుతోనే పోతాయి. ఏళ్ల తరబడి పట్టి ఉంటే మచ్చ పోయినా చోటు తెలిసేలా 'స్‌స్' మనే మోత మిగిలిపోతుంది. పెట్టెలో తాతల నాటి 78 రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) ఉంటే వాటికి స్పిరిట్ కలిపిన ద్రావణం ఏదీ తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, కరుగుతాయి.

చూడటానికి ట్యూబ్‌లైటు పనికిరాదు. దాని పరచుకున్న వెలుగులో వెంట్రుక గీతలు కనిపించవు. ఒకే ఒక్క బల్బు కిందో, టార్చి వెలుగులోనో రికార్డును ఏటవాలుగా తిప్పుతూ చూడాలి. గీత కనిపిస్తే వేలి గోటిని దాని మీదుగా మెల్లగా జరపండి. గోరు జారిపోతే చాలాసార్లు వినపడదు. గోరు తట్టుకుంటే మోగుతుంది. ఎల్పీ తిరిగే నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు, గీత గాడికి అడ్డంగా పడితే సరిగ్గా ప్రతి 1.8 సెకన్లకూ ఒక 'టక్'. అలాంటివి ఎన్ని వినపడ్డాయో లెక్కపెట్టి, ఏ పాటలోనో కూడా రాయాలి. గాడి వెంబడే సాగిన గీత ఇంకా ప్రమాదం, ముల్లు అక్కడే చిక్కుకుని ఒకే మాట తిరగేస్తుంది.

అసలు చిక్కు కంటికి కనపడనిది. పాత రేడియోగ్రామ్‌లలో (రేడియో, రికార్డు ప్లేయర్ కలిసి ఉన్న పెట్టెల్లో) ముల్లు మీద అయిదారు గ్రాముల బరువు, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువే, పడేది. ఇప్పటి ప్లేయర్లలో ఒకటిన్నర, రెండు గ్రాములు చాలు. ఆ బరువుకు, అరిగిన ముల్లుకు గాడి గోడలు నలిగిపోతాయి. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, వింటే గొంతు చీలినట్టు వస్తుంది. లోపలికి పోయేకొద్దీ గాడి పరుగు నెమ్మదిస్తుంది కాబట్టి ప్రతి వైపూ ఆఖరి పాటలో ఇది బాగా బయటపడుతుంది. రాక్ సంగీతంలో డ్రమ్ముల మోత చిటపటలను కప్పేస్తుంది, అందుకే మొదటి పాటకు ముందున్న నిశ్శబ్దమూ, ఆఖరి పాట ఆఖరి నిమిషమూ తప్పక వినాలి. వినకుండా గ్రేడు కడితే 'చూసి కట్టిన గ్రేడు' అని చెప్పేయాలి. లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ సన్నటి గీరలు ఎన్ని ఉంటే అన్నిసార్లు ప్లేయర్ మధ్య కడ్డీకి గుడ్డిగా తగిలించి వాయించారని లెక్క. నియర్ మింట్ అని రాసి ఆ ఫొటోయే పెట్టేవాళ్లూ ఉన్నారు!

రికార్డు పెట్టే బొమ్మ అట్టకు వేరే గ్రేడు. లోపలి రికార్డు అంచు ఒత్తుకుని అట్ట మీద పడిన గుండ్రటి అరుగుదల, చీలిన కుట్టు, బాల్‌పెన్‌తో రాసిన పేరు, అన్నీ రాయాలి. ధర స్టిక్కరు పీకబోతే అట్ట బొమ్మ కూడా లేచొస్తుంది, వదిలేయడమే మేలు. రోలింగ్ స్టోన్స్ బృందం 1971 నాటి ఆల్బమ్ స్టికీ ఫింగర్స్ అట్టకు నిజమైన జిప్పు ఉండేది. దొంతరలో అది పక్క రికార్డును నొక్కి పాడుచేసేది. అందుకే జిప్పును సగం కిందికి దించి పంపారు, నొక్కు పడ్డా లేబుల్ మీదే పడేలా. ఆ కాపీ దొరికితే జిప్పు పనిచేస్తుందా అన్నది కూడా అడుగుతారు. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 నాటి ఆల్బమ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్‌లో రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు వచ్చేవి; లేకపోతే లేవని రాయాలి.

ముద్రణ తెలిసేది లేబుల్ పక్కన పాటల్లేని నున్నటి పట్టీలో గీసిన అక్షరాల వల్ల. లెడ్ జెప్పెలిన్ బృందం రెండో ఆల్బమ్ 1969 అమెరికా ముద్రణలో అక్కడ 'ఆర్‌ఎల్' అని ఉంటే అది ఇంజనీరు రాబర్ట్ లడ్విగ్ కోసిన మూలం (అచ్చుకు ఆధారమయ్యే గాడిని మొదట చెక్కడాన్నే కోయడం అంటారు). గాడిలో బాస్ అంత జోరుగా ఉండటంతో చవక ప్లేయర్లలో ముల్లు ఎగిరిపోతోందని దాన్ని ఆపి, మెత్తగా మళ్లీ కోశారు. ఆ రెండక్షరాలున్న కాపీ ధర వేరు, మిగతావాటి ధర వేరు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అచ్చేసిన బీటిల్స్ రికార్డులకు విదేశాల్లో కొనేవాళ్లున్నారు. కానీ వాటికి బ్రిటన్ మొదటి ముద్రణ ధర అడగడం అన్యాయం. అమ్మకానికి పెట్టిన ధరలు చూడొద్దు, అమ్ముడైన ధరలు చూడండి. దుకాణదారుడు అందులో సగం కూడా ఇవ్వకపోతే కోపగించుకోనక్కర్లేదు, అతను కడగాలి, వినాలి, ఏళ్లు దాచాలి.

పంపేటప్పుడు రికార్డును అట్టలోంచి తీసి, కాగితపు కవరుతోనే అట్ట వెనక పెట్టాలి. లోపలే ఉంటే కుదుపులకు అంచు కత్తిలా కుట్టును చీలుస్తుంది. రెండు వైపులా పార్సిల్ పెట్టెల ముడతల అట్టముక్కలు, వాటి లోపలి ముడతలు ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా పెడితే వంగదు. అమెరికాలో ఉండి అమ్మే మనవాళ్లకు రికార్డులు అక్కడి తపాలా శాఖ మీడియా మెయిల్ అనే చవక రేటుకు వెళతాయి. ఇక్కడ మాత్రం ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ వేయకుండా ఉంటే మంచిది, ఎండలో నిలిపిన వ్యానులో వినైల్ (రికార్డు చేసిన ప్లాస్టిక్) వంకర తిరుగుతుంది. వంకర తిరిగిందాన్ని ఇస్త్రీపెట్టెతో సరిచేయబోతే గాడి కూడా పోతుంది.

ఇంకొకటి. వ్యాసంతో పాటు వేసిన ఫొటోలో రికార్డు పట్టుకున్నాయన బొటనవేలు సరిగ్గా గాడి మీదే ఉంది. వేళ్లు అంచు మీదా లేబుల్ మీదా ఉండాలి. కొనేవాళ్లు ముందు చూసేది అదే.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం